వికటకవిని తిరగేస్తే

పదకొండో తరగతి కంప్యూటర్ సైన్సు ప్రాక్టికల్ ఫైలు ఎవరిది తెరిచినా అందులో ఒక ప్రోగ్రాం ఉండి తీరుతుంది. ఇచ్చిన మాటను వెనకనుంచి చదివినా అదే మాట వస్తుందా, రాదా? ఉదాహరణకి 'మేడమ్' ఇస్తారు, లేదంటే ఇంగ్లిషు స్పెల్లింగులో 'మలయాళం'. పైథాన్ భాషలో మూడు నాలుగు వరుసల పని. ఇందిరాపురంలో శక్తిఖండ్‌లోనో నీతిఖండ్‌లోనో ఏదో ఒక అపార్ట్‌మెంటులో, ఒక తెలుగు పిల్లవాడు ఈ ప్రోగ్రాం రాస్తున్నాడనుకుందాం. టీ కప్పుతో అటుగా వచ్చిన తండ్రి "మన మాట ఒకటి కొట్టి చూడరా, వికటకవి" అంటాడు. వాడు కొడతాడు. తెర మీద జవాబు వస్తుంది: ఫాల్స్. అంటే వికటకవి వికటకవి కాదట!

కంప్యూటర్ తప్పేమీ చేయలేదు. చెప్పిన పనే చేసింది. మనం 'వి'ని ఒక అక్షరంగా చూస్తాం. యూనికోడ్ లెక్కలో 'వ' ఒక గుర్తు, దాని మీది గుడి మరో గుర్తు. మనకు అయిదక్షరాలుగా కనిపించే వికటకవి పైథాన్‌కు ఏడు గుర్తుల వరస. తిరగేసినప్పుడు చివరి గుడి అందరికంటే ముందుకొచ్చి ఏ హల్లూ దొరక్క గాల్లో వేలాడుతుంది. మొదటి గుడి వచ్చి కకారం నెత్తిన కూర్చుంటుంది. చివరికి మిగిలేది 'వకటకివ', దాని ముందు ఒక దిక్కులేని గుడి. ఇలాగే 'తెలుగు' అన్న మాట పొడవెంత అని అడిగితే పైథాన్ ఆరు అంటుంది. ఒకే అక్షరమైన 'స్త్రీ'కి కూడా ఆరే అంటుంది.

ఇది పిల్లలాట కాదు. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అనే అక్షరం ఒక ప్రత్యేకమైన కూర్పులో మెసేజిగా వస్తే చాలు, ప్రపంచవ్యాప్తంగా ఐఫోన్లలో ఆ మెసేజి యాప్ కుప్పకూలిపోయింది. కనపడని ఒక గుర్తు హల్లుకూ దీర్ఘానికీ మధ్య దూరడంతో అక్షరాన్ని తెర మీద గీసే సాఫ్ట్‌వేర్ తికమకపడింది. ఆపిల్ సంస్థ ఆ నెలలోనే 11.2.6 అనే సవరణ విడుదల చేయాల్సి వచ్చింది. ప్రపంచంలోకెల్లా ఖరీదైన కంపెనీల్లో ఒకదాన్ని మన ఒత్తు ఒకటి కొన్ని రోజులు నిద్రపోనివ్వలేదన్నమాట.

పదహారేళ్ళ పిల్లలకు కంప్యూటర్ సైన్సు ఎందుకు చెప్పాలి అనే ప్రశ్నకు వికటకవికి వచ్చిన ఆ ఫాల్స్ కంటే మంచి జవాబు దొరకదు. తెర ఎర్రబడలేదు, ఎర్రర్ రాలేదు. యంత్రం పూర్తి ధీమాతో తప్పు జవాబిచ్చింది. అది తప్పని గుర్తుపట్టాలంటే తెలుగు రావాలి, ఎందుకు తప్పైందో తేల్చాలంటే కంప్యూటర్ లోపల ఏం జరుగుతుందో తెలియాలి. చాట్‌జీపీటీ ప్రోగ్రాంలు రాసిపెడుతున్న ఈ రోజుల్లో పిల్లలకిక ఇవెందుకని అడిగేవాళ్ళు పెరిగారు. ధీమాగా చెప్పే తప్పును పట్టుకునే విద్య ఇప్పుడే కదా ఎక్కువ కావాలి!

ఈ చదువు ఇందిరాపురంలో అందుబాటులో ఉంది. గాజియాబాద్ అభివృద్ధి సంస్థ వేసిన ఈ కాలనీకి జాతీయ రహదారి దాటితే నోయిడా సెక్టార్ 62. సీడాక్ నోయిడా కేంద్రం, జేపీ ఐటీ ఇన్‌స్టిట్యూట్, వరసగా సాఫ్ట్‌వేర్ ఆఫీసులు అక్కడే. 2019లో బ్లూలైన్ మెట్రో సెక్టార్ 62 దాకా వచ్చాక ఆ ఆఫీసుల్లో పనిచేసే తెలుగువాళ్ళకు ఇందిరాపురం ఇంకా అనువైంది. ఆ తల్లిదండ్రుల్లో ఎక్కువమంది ఒకే దారిన వచ్చినవాళ్ళు: ఇంటర్ ఎంపీసీ, ఎంసెట్, బీటెక్, బెంగళూరో హైదరాబాదో, ఆ తర్వాత ఢిల్లీ. వాళ్ళ పిల్లలు మాత్రం సీబీఎస్ఈ బళ్ళలో పదకొండుకొచ్చేసరికి తల్లిదండ్రులకు తెలియని ఒక కాగితం ఇంటికొస్తుంది. ఇంగ్లిషు, ఫిజిక్సు, కెమిస్ట్రీ, లెక్కలు. ఆ కింద అయిదో సబ్జెక్టుకి ఒక ఖాళీ గడి.

ఆ గడి దగ్గరే ఇంట్లో చర్చ. కంప్యూటర్ సైన్సా, ఇన్ఫర్మాటిక్స్ ప్రాక్టీసెస్సా, ఫిజికల్ ఎడ్యుకేషనా, ఎకనామిక్సా? మొదటి రెండింటిలో ఒక్కటే తీసుకోవాలి. ఇక్కడ మన ఎంసెట్ తరం ఇచ్చే సలహా తరచూ ఒకేలా ఉంటుంది: "పీఈ తీసుకో, మార్కులు పడతాయి. కోడింగ్ ఎలాగూ బీటెక్‌లో నేర్పుతారు." తాము బీటెక్ మొదటి సంవత్సరంలో సీ భాష ముందు బిక్కమొహం వేసిన సంగతి అప్పటికి మర్చిపోయి ఉంటారు.

కంప్యూటర్ సైన్సులో ఏముందో చూస్తే ఆ సలహా ఎంత నష్టమో తెలుస్తుంది. పన్నెండో తరగతి థియరీ 70 మార్కుల్లో 40 ప్రోగ్రామింగుకి, 20 డేటాబేసులకి, 10 నెట్‌వర్కులకి. ఫంక్షన్లు, ఫైళ్ళు చదవడం రాయడం, స్టాక్ అనే డేటా అమరిక, మైఎస్‌క్యూఎల్‌ను పైథాన్‌తో కలపడం. ఒకప్పుడు ఇదే సబ్జెక్టు సీ ప్లస్ ప్లస్‌లో ఉండేది. ఇన్ఫర్మాటిక్స్ ప్రాక్టీసెస్ జావాలో నడిచేది. ఇప్పుడు రెండూ పైథాన్‌కు మారాయి. ఇంజినీరింగు మొదటి ఏడాదిలో చెప్పేదానిలో మంచి భాగం ఇక్కడే, తొందర లేకుండా, రెండేళ్ళు పంచుకుని వస్తుంది. ఇంజినీరింగు వద్దనుకున్నవాళ్ళకూ లాభమే. 2022 నుంచి కేంద్రీయ విశ్వవిద్యాలయాల ప్రవేశాలకు పెడుతున్న సీయూఈటీలో ఇది ఒక పరీక్షాంశం.

అయితే సబ్జెక్టు తీసుకున్నంత మాత్రాన చదివినట్టు కాదు. ప్రాక్టికల్‌కిచ్చే 30 మార్కుల పంపకం చూడండి. ల్యాబు పరీక్షకి 12, రికార్డు ఫైలుకి 7, ప్రాజెక్టుకి 8, వైవాకి 3. ప్రాజెక్టు ఎవరు చేశారో బయటపెట్టే ఒకే ఒక్క పరీక్ష వైవా, దానికి మూడు మార్కులు. ఇక దొంగకు తాళాలిచ్చినట్టే. రైల్వే రిజర్వేషన్, లైబ్రరీ మేనేజ్‌మెంట్, హోటల్ బిల్లింగ్ అనే మూడు ప్రాజెక్టులు, ప్రోగ్రాంలు పంచుకునే గిట్‌హబ్ సైటులో పేర్లు మార్చుకుంటూ తరతరాలుగా తిరుగుతున్నాయి. జనవరి వచ్చిందంటే బడి పక్కన జిరాక్సు షాపులో స్పైరల్ బైండింగు మిషను ఖాళీగా ఉండదు. లోపలి ప్రోగ్రాంలు అవే, అట్ట మీద పేరొక్కటే వేరు. పైగా థియరీ పరీక్షలో కోడు కాగితం మీద పెన్నుతో రాయాలి. ఈత పరీక్ష ఒడ్డున పెట్టినట్టుంటుంది.

నిజానికి ఇందిరాపురంలో ప్రాజెక్టులకి కరువేముంది? ఏటా దసరా రోజుల్లో ఎగువ గంగా కాలువను శుభ్రం చేయడానికి నీళ్ళు ఆపుతారు. ఇక్కడి సొసైటీలకు గంగానీళ్ళు నిలిచిపోయి బోర్ల మీదా ట్యాంకర్ల మీదా రోజులు గడుస్తాయి. ఏ టవరుకి ఏ పూట ఎంతసేపు నీళ్ళొచ్చాయి, ట్యాంకర్లకు ఎంత ఖర్చయింది అని ఒక పట్టిక కట్టి, నాలుగు ప్రశ్నలు వేసి జవాబు రాబట్టే ప్రోగ్రాం చేస్తే, అది గిట్‌హబ్‌లో దొరకదు. అది చేసిన పిల్లకు వైవాలో భయపడాల్సిన పనీ లేదు. సొసైటీ మీటింగులో పెద్దవాళ్ళు అరుచుకోవడం కొంత తగ్గినా తగ్గొచ్చు.

ఇన్ఫర్మాటిక్స్ ప్రాక్టీసెస్ గురించి ఒక మాట చెప్పాలి. మనవాళ్ళు దాన్ని కంప్యూటర్ సైన్సుకి పేద చుట్టంలా చూస్తారు, "లెక్కల్లో వెనకపడ్డవాళ్ళు తీసుకునేది" అంటారు. ఇది అన్యాయం. అందులో డేటా మీద పని ఎక్కువ. థియరీలో 25 మార్కులు పాండాస్ అనే పైథాన్ సరంజామాతో పట్టికలు సరిచేసి గ్రాఫులు గీయడానికి, మరో 25 డేటాబేసు ప్రశ్నలకి. గాలి నాణ్యతను గంట గంటకీ కొలిచే కేంద్రాల్లో ఒకటి ఇందిరాపురంలోనే ఉంది. దాని అంకెలు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నుంచి ఎవరైనా దించుకోవచ్చు. నవంబరులో పొగమంచు కమ్మి బళ్ళు మూసినప్పుడు ఇంట్లో కూర్చున్న కామర్సు పిల్ల ఆ అంకెలను పాండాస్‌లో పోసి, దీపావళి రాత్రి గీత ఎక్కడిదాకా ఎగబాకిందో తనే గీసి చూడొచ్చు. ఖాళీగా ఉన్న గడులను ఏం చేయాలి, సున్నా అని నింపితే సగటు ఎంత అబద్ధం ఆడుతుంది అనే ప్రశ్నలు అప్పుడే ఎదురవుతాయి. ఆడిటరు కాబోయేవాళ్ళకీ ఆర్థిక శాస్త్రం చదవబోయేవాళ్ళకీ ఇంతకంటే పనికొచ్చేది ఏముంటుంది?

కంప్యూటర్ వాడటానికీ కంప్యూటర్ సైన్సుకీ ఉన్న తేడాను ఇంగ్లండు మూల్యం చెల్లించి మరీ నేర్చుకుంది. అక్కడి బళ్ళలో ఐసీటీ అనే కంప్యూటర్ సబ్జెక్టంటే చాలాకాలం వర్డ్‌లో ఉత్తరం రాయడం, పవర్‌పాయింటులో బొమ్మలు పెట్టడం. కంప్యూటర్‌ను పుట్టించిన దేశంలో దాన్ని బడిలో సరిగా చెప్పకపోవడమేమిటని గూగుల్ ఛైర్మన్ ఎరిక్ ష్మిట్ 2011లో ఎడిన్‌బరోలో విస్తుపోయారు. మరుసటి జనవరిలో విద్యామంత్రి మైకేల్ గోవ్ పాత ఐసీటీ పాఠ్యక్రమాన్ని పక్కన పెడుతున్నట్టు ప్రకటించారు. 2014 సెప్టెంబరు నుంచి కంప్యూటింగ్ అనే కొత్త సబ్జెక్టు వచ్చింది. ఇంటర్ స్థాయి ఎ-లెవెల్‌లో ఐసీటీ ఆఖరి పరీక్షలు 2018లో జరిగాయి. కానీ పాతదాన్ని పూర్తిగా తీసేయడంతో మరో చిక్కు వచ్చింది. ఐసీటీ తీసుకునే అమ్మాయిలు కొత్త సబ్జెక్టు వైపు అదే సంఖ్యలో రాలేదు. రెండు తలుపులూ తెరిచి ఉంచిన సీబీఎస్ఈ పద్ధతే ఈ విషయంలో మేలు.

ఇప్పుడు మన ఊళ్ళ సంగతి. ఇందిరాపురంలో పదకొండు చదివే పిల్లకు విజయవాడలోనో వరంగల్‌లోనో అదే వయసు పినతల్లి కూతురు ఉంటుంది. ఆమెది ఇంటర్ ఎంపీసీ. లెక్కలు, భౌతికం, రసాయనం, రెండు భాషలు. గమ్యం మాత్రం కంప్యూటర్ సైన్సు ఇంజినీరింగే. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇంజినీరింగు సీట్లలో సగానికి పైగా సీఎస్ఈ, దాని తోబుట్టువులైన ఏఐ, డేటా సైన్సు బ్రాంచీలే. అంత మంది ఏ చదువు కోసం పరుగెడుతున్నారో ఆ చదువు వాసన కూడా ఇంటర్ రెండేళ్ళలో వాళ్ళకు తగలదు. తెల్లవారి స్టడీ అవర్ నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా బిట్లు, వారాంతపు టెస్టు, ర్యాంకు. హాస్టల్లో ఫోను కూడా ఉండదు. చాలామంది మొదటిసారి గంటలకొద్దీ కంప్యూటర్ ముందు కూర్చునేది ఒకప్పటి ఎంసెట్ అయిన ఈఏపీసెట్ రోజునే: మూడు గంటలు, 160 ప్రశ్నలు, చేతిలో మౌసు. కంప్యూటర్ కోర్సు కోసం కంప్యూటర్ మీద రాసే పరీక్షలో కంప్యూటర్ గురించి ఒక్క ప్రశ్న ఉండదు.

వొకేషనల్ వైపు కంప్యూటర్ కోర్సులున్నాయి, నిజమే. కానీ అటు వెళ్ళిన పిల్లలు ఇంజినీరింగుకి రావాలంటే బ్రిడ్జి కోర్సు పరీక్షలు రాయాలి. వొకేషనల్ అంటేనే మన ఇళ్ళల్లో మొహం ముడుచుకుంటుంది కనక, చదువులో ముందున్నవాళ్ళు ఆ గుమ్మం తొక్కరు. కంప్యూటర్ చెప్పే చోటికి ఇంజినీరింగుకి వెళ్ళేవాళ్ళు రారు, ఇంజినీరింగుకి వెళ్ళేవాళ్ళున్న చోట కంప్యూటర్ చెప్పరు.

పక్కింటివాళ్ళు ఇలా లేరు. తమిళనాడు హయ్యర్ సెకండరీలో కంప్యూటర్ సైన్సు ఎప్పటినుంచో ప్రధాన సబ్జెక్టు. కొత్త పాఠ్యక్రమంలో పదకొండులో సీ ప్లస్ ప్లస్, పన్నెండులో పైథాన్ చెబుతున్నారు. కర్ణాటక పీయూసీలో కెమిస్ట్రీ, ఫిజిక్సు, లెక్కల సరసన కంప్యూటర్ సైన్సు చేరిన గ్రూపు ఉంది, పీసీఎంసీ అంటారు. కేరళ 2001లోనే ఐటీ ఎట్ స్కూల్ మొదలుపెట్టి, హైస్కూలు పిల్లలకు ఉచితంగా దొరికే లైనెక్స్ మీద పాఠం చెప్పింది. ఐటీ అంటే హైదరాబాదు అని గొప్పగా చెప్పుకునే మనం మాత్రం పదహారు, పదిహేడేళ్ళ వయసులో ఆ ఐటీని పిల్లలకు కనపడకుండా దాచిపెట్టాం.

పిల్లలు తట్టుకోలేరనీ, పల్లె పిల్లలకు కంప్యూటరేమిటనీ అనేవాళ్ళు బాసర వెళ్ళి రావాలి. 2008లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం కింద బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో ట్రిపుల్ ఐటీలు తెరిచారు. పది పాసైన గ్రామీణ విద్యార్థులను నేరుగా ఆరేళ్ళ చదువులోకి తీసుకున్నారు. మొదటి రెండేళ్ళు ఇంటర్‌కి సమానమైన పీయూసీ. అందులో లెక్కలు, ఫిజిక్సు, కెమిస్ట్రీతో పాటు ఐటీ ఒక సబ్జెక్టు. చేతికి ల్యాప్‌టాప్ ఇచ్చారు. ఆ సంస్థల్లో తర్వాత వచ్చిన భోజనాల గొడవలు, వసతుల గొడవలు అందరూ ఎరిగినవే. కానీ మండలంలో తెలుగు మీడియంలో పది చదివినవాళ్ళు పదహారేళ్ళకే కోడు రాయగలరా అనే సందేహం మాత్రం అక్కడ తీరిపోయింది.

పరికరం చేతిలో పెడితే చదువు వచ్చేస్తుందనుకోవడం మన ప్రభుత్వాలకు పాత అలవాటు. 1984లో కేంద్రం క్లాస్ అనే పథకం కింద ఇంగ్లండు తయారీ బీబీసీ మైక్రో కంప్యూటర్లను ఎంపిక చేసిన బళ్ళకు పంపింది. చాలాచోట్ల గుడ్డ కప్పి తాళం వేసి, ఇన్‌స్పెక్షన్ రోజున దుమ్ము దులిపేవారు. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ఎనిమిదో తరగతి పిల్లలకూ మేష్టార్లకూ కలిపి సుమారు అయిదు లక్షల ట్యాబులు పంచింది. వీడియో పాఠం చూడటానికి ట్యాబు బాగుంటుంది. ప్రోగ్రాం రాయాలంటే కీబోర్డు కావాలి, అంతకంటే ముందు పక్కన నిలబడి "ఇక్కడ ఎందుకు ఆగిపోయింది, చెప్పు" అని అడిగే మేష్టారు కావాలి. దేశంలో కంప్యూటర్ ఉన్న బళ్ళు 2023-24లో 57.2 శాతం, మరుసటి ఏడాదికి 64.7 శాతమని కేంద్ర విద్యాశాఖ లెక్క. మేష్టార్లు ఎన్ని బళ్ళలో ఉన్నారన్నది అసలు లెక్క.

ఆంధ్రప్రదేశ్ ఇంటర్ బోర్డు 2025-26 నుంచి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల వైపు మళ్ళింది. లెక్కలూ జీవశాస్త్రమూ కలిపి చదివే వీలు కూడా కల్పించింది. గ్రూపు అనే గోడ కొంత కదిలిందన్నమాట. కంప్యూటర్ సైన్సుకి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు పదకొండు, పన్నెండు రెండింటికీ సిద్ధంగా ఉన్నాయి, ఎవరూ కొత్తగా రాయనక్కర్లేదు. అయితే ఐచ్ఛికాల జాబితాలో ఒక పేరు చేర్చి ఊరుకుంటే ఏ కార్పొరేట్ కాలేజీ ల్యాబు కట్టదు. పబ్లిక్ పరీక్షలో దానికి ప్రాక్టికల్ ఉండాలి, ఆ ప్రాక్టికల్‌లో వైవాకి మూడుకంటే ఎక్కువ మార్కులుండాలి, ప్రభుత్వ జూనియర్ కాలేజీలో దానికి లెక్చరర్ పోస్టు మంజూరై ఉండాలి. ఈఏపీసెట్‌లో ఒక్క మార్కు ఇవ్వకపోతే ఎవరు చదువుతారని కొందరంటారు. కానీ సీబీఎస్ఈ పిల్లలకు జేఈఈలో కంప్యూటర్ సైన్సు మార్కేమీ రావడం లేదు, అయినా తీసుకుంటున్నవాళ్ళున్నారు. ఎంట్రన్సుకి పనికిరానిదల్లా దండగే అన్న లెక్క వేస్తే మొట్టమొదట తీసేయాల్సింది తెలుగును.

ఢిల్లీ చుట్టుపక్కల ఈ లెక్క ఎక్కడికి తీసుకెళ్ళిందో కూడా చూశాం. పేరు బడిలో, మనిషి కోచింగులో ఉండే డమ్మీ చదువుల మీద 2024 సెప్టెంబరులో సీబీఎస్ఈ ఆకస్మిక తనిఖీలు చేసింది. నవంబరులో ఢిల్లీ, రాజస్థాన్‌లలో 21 బళ్ళ గుర్తింపు రద్దు చేసింది. డమ్మీ బడిలో ల్యాబు పీరియడు అన్న మాటకే అర్థం లేదు. మన రెసిడెన్షియల్ ఇంటర్ నమూనా వింధ్య దాటి ఇక్కడిదాకా వచ్చిందని సరదాకి అనేవాళ్ళున్నారు; సరదాగా తీసుకోవడం కష్టం.

ఇక ఆ అపార్ట్‌మెంటులో పిల్లవాడి సంగతి. వాడికి తెలుగు రాయడం అంతంత మాత్రం. దుర్గాబాయి దేశ్‌ముఖ్ చొరవతో 1948లో ఏర్పడిన ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ బళ్ళు ఢిల్లీలో ఉన్నాయి గాని, ఇందిరాపురం నుంచి యమున దాటి రోజూ వెళ్ళేదెవరు? అయినా ప్రోగ్రాం సరిచేయాలంటే గుణింతం తెలియాలి కదా. తండ్రి ఒక కాగితం మీద క, కా, కి, కీ రాసిచ్చాడు. వాడు ఒక లూప్ వేశాడు: వచ్చిన గుర్తు గుడో కొమ్మో దీర్ఘమో సున్నో అయితే వెనకటి హల్లుకి అతికించు, పొల్లు వస్తే తర్వాతి హల్లును కూడా కలుపుకో, లేకపోతే కొత్త అక్షరం మొదలుపెట్టు. ఇండెంటేషన్ తప్పి రెండుసార్లు ఎర్రర్ వచ్చింది, మూడోసారి నడిచింది. స్త్రీ ఒక అక్షరమైంది, తెలుగు మూడైంది. వికటకవి, ట్రూ. మందారదామం, ట్రూ.

తండ్రి ఉత్సాహంగా "కిటికీ కొట్టు" అన్నాడు. ఫాల్స్. మళ్ళీ ఎక్కడో తప్పుందన్నాడాయన. పిల్లవాడు ప్రోగ్రాం పైనుంచి కిందికి ఒకసారి చదివి, ఆ కాగితం మీది గుణింతంలో కి పక్కన కీ మీద వేలు పెట్టాడు.